ఏళ్లుగా పాస్‌వర్డ్ మేనేజర్ వాడుతున్నాను: ఏం కాపాడింది, ఏం కాపాడలేకపోయింది

మన పాస్‌వర్డ్‌లన్నిటినీ ఒక్క తాళం కింద దాచి, అవసరమైనచోట తనే నింపే యాప్‌ను పాస్‌వర్డ్ మేనేజర్ అంటారు. వాటి మీద వచ్చే సమీక్షల్లో చాలావరకు ఇన్‌స్టాల్ చేసిన వారానికే రాసినట్టు ఉంటాయి. ఫీచర్లు ఏమిటి, ఎన్ని ఫోన్లలో పనిచేస్తుంది, ఉచితంగా ఎంతవరకు ఇస్తారు, అంతటితో సరి. నేను చాలా ఏళ్లుగా వాడుతున్నాను. మధ్యలో ఒకసారి యాప్ మార్చాను, ఫోన్లూ కంప్యూటర్లూ సరేసరి. దేనికోసం మొదలుపెట్టానో ఆ ఉపయోగం ఇప్పుడు నా లెక్కలో బాగా కిందికి పోయింది. అప్పట్లో ఊహించని పని ఒకటి పైకొచ్చింది. యాప్ పేరు చెప్పను. ఇక్కడ రాసే మంచీ చెడూ ఈ రకం యాప్‌లన్నిటికీ ఇంచుమించు వర్తిస్తాయి.

మొదలుపెట్టింది పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకోలేక. ఆ సమస్య మొదటి నెలలోనే తీరిపోయింది, దాని గురించి చెప్పడానికి ఇంకేం లేదు. అసలు లాభం వేరే ఉంది: ప్రతి ఖాతాకూ వేరే పాస్‌వర్డ్ ఉండటం. లింక్డ్ఇన్ నుంచి 2012లో దొంగిలించిన వివరాలు 2016లో అమ్మకానికి వచ్చాయి. దాదాపు 11 కోట్ల 70 లక్షల మంది ఈమెయిల్, పాస్‌వర్డ్ వివరాలు అందులో ఉన్నాయి. నాలుగేళ్లపాటు అవి ఎవరెవరి చేతుల్లో తిరిగాయో! దొంగకు మన ఉద్యోగ ప్రొఫైల్ మీద మోజేమీ ఉండదు. అదే జతను మెయిల్‌లో, బ్యాంకులో, షాపింగ్ సైట్లలో వరసపెట్టి ప్రయత్నించడానికి ప్రోగ్రాములు ఉన్నాయి, కూర్చుని టైపు చేసేవాళ్లెవరూ లేరు. ఎక్కడికక్కడ వేరే పాస్‌వర్డ్ ఉంటే నష్టం ఆ ఒక్క సైటుతో ఆగిపోతుంది.

నా పాస్‌వర్డ్ ఏదైనా ఇలా బయటికి పోయిన జాబితాల్లో ఉందా అని యాప్ చూసి చెబుతుంది. ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా నిపుణుడు 2013లో మొదలుపెట్టిన ‘హ్యావ్ ఐ బీన్ పోన్డ్’ సేవతో సరిచూస్తుంది. నా పాస్‌వర్డ్‌ను వేరేవాళ్లకు పంపి సరిచూడటమేమిటని మొదట్లో నాకూ అనుమానం వచ్చింది. పంపేది పాస్‌వర్డ్ కాదు. దాని నుంచి 40 అక్షరాల హ్యాష్ ఒకటి, అంటే లెక్కకట్టి తీసిన ఒక గుర్తు, తయారుచేసి, అందులో మొదటి 5 అక్షరాలే పంపుతుంది. లీకైన జాబితాలో ఆ అయిదింటితో మొదలయ్యే హ్యాష్‌లన్నీ అటునుంచి వస్తాయి, పోల్చడం నా ఫోన్‌లోనే జరుగుతుంది. ఈ సదుపాయం వచ్చాక అన్ని పాస్‌వర్డ్‌లనూ మూడు నెలలకోసారి మార్చే పాత అలవాటు మానేశాను. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017లోనే ఆ మాట చెప్పింది: లీకైందన్న ఆధారం ఉంటే మార్పించండి, గడువు పెట్టి మార్పించొద్దు అని. చాలా ఆఫీసులకు ఆ కబురు ఇంకా చేరినట్టు లేదు.

రెండో లాభం నకిలీ సైట్ల దగ్గర తెలిసింది. ఖాతా ఆగిపోయింది, వెంటనే లాగిన్ అవ్వండి అంటూ ఒక మెయిల్ వచ్చింది. లోగో, రంగులు, కింద ఉండే చిన్న అక్షరాలతో సహా అచ్చు అసలుదే. లింకు తెరిస్తే పేజీ కూడా అంతే. యాప్ మాత్రం కదల్లేదు. ఈ సైటుకు మీ దగ్గర ఏమీ లేదని ఊరుకుంది. మనిషి పేజీని చూసి నమ్ముతాడు, యాప్ పేజీని చూడదు. అడ్రస్ బార్‌లోని డొమైన్ పేరు తన దగ్గర ఉన్నదానితో కలిసిందా లేదా అన్నదొక్కటే దానికి ముఖ్యం. ఒక్క అక్షరం తేడా ఉన్నా పాస్‌వర్డ్ నింపదు.

ఇందులోనే ఒక చిక్కు ఉంది. నిజమైన సైట్లలోనూ యాప్ అప్పుడప్పుడు నింపదు. రిజిస్ట్రేషన్ ఒక డొమైన్‌లో, లాగిన్ ఇంకో డొమైన్‌లో పెట్టేవాళ్లున్నారు. ఫోన్ యాప్‌లలో పాస్‌వర్డ్ పడాల్సిన గడిని గుర్తుపట్టక తికమక పడుతుంది. కొన్ని సైట్లు భద్రత పేరుతో పేస్ట్ చేయనివ్వవు, 20 అక్షరాల గజిబిజి పాస్‌వర్డ్‌ను చేత్తో కొట్టిస్తాయి. ఇలా నాలుగుసార్లు విసిగితే, నింపనప్పుడల్లా మనమే కాపీ చేసి అతికించడం అలవాటైపోతుంది. ఆ అలవాటు పడ్డరోజు ఈ రక్షణ పోయినట్టే. నేను పెట్టుకున్న కట్టుబాటు ఏమిటంటే, నింపకపోతే ఆ పేజీ మూసేస్తాను. యాప్‌లో దాచుకున్న లింకు నొక్కి సైటుకు వెళ్తాను. అక్కడా నింపకపోతే అప్పుడే కాపీ.

అన్నిటినీ ఒక్కచోట పెడితే ఆ ఒక్కటీ పోతే ఎలా అని అందరూ అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. 2022లో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ కంపెనీ నుంచి వినియోగదారుల ఖజానాల బ్యాకప్‌లను దుండగులు కాపీ చేసుకుపోయారు. పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం లేనిదే చదవలేని రూపంలో, ఉన్నాయి గానీ సైట్ల చిరునామాలు మామూలుగానే ఉన్నాయి. అంటే ఎవరికి ఎక్కడెక్కడ ఖాతాలున్నాయో తెలిసిపోయింది. ఇక లోపలున్న పాస్‌వర్డ్‌లకు మిగిలిన కాపలా, ఖజానాను తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ ఒక్కటే. దాన్ని ఊహించి చూసే ప్రతి ప్రయత్నం ఎంత నెమ్మదిగా సాగాలో నిర్ణయించే సెట్టింగ్ ఒకటుంటుంది, ఇటరేషన్లు అంటారు. మాస్టర్ పాస్‌వర్డ్ నుంచి తాళం తయారుచేసే పీబీకేడీఎఫ్2 పద్ధతికి, సాఫ్ట్‌వేర్ భద్రత మీద సలహాలిచ్చే ఓవాస్ప్ సంస్థ ఇప్పుడు 6 లక్షలు సూచిస్తోంది. లాస్ట్‌పాస్ వార్త చూశాక నా యాప్ సెట్టింగ్స్ తెరిస్తే, చేరిన కొత్తలో పెట్టిన పాత అంకే అక్కడ కూర్చుని ఉంది. కొత్తగా చేరేవాళ్లకు పెంచారు, పాతవాళ్లకు ఒక మెయిల్ కూడా పంపలేదు. నా పెద్ద ఫిర్యాదు ఇదే. ఏళ్లుగా వాడుతున్నవాళ్లు ఇవాళే ఒకసారి అక్కడికి వెళ్లి చూసుకోవడం మంచిది.

మాస్టర్ పాస్‌వర్డ్‌కి నేను పాచికల పద్ధతి ఎంచుకున్నాను. ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ 1995లో చెప్పిన డైస్‌వేర్ అది. పాచిక అయిదుసార్లు వేస్తే 7,776 మాటల జాబితాలో ఒక మాట వస్తుంది. అలా ఆరు మాటలు తీసి వరసగా పెట్టుకోవాలి. మాటల్ని మనం ఎంచుకోకూడదు, పాచికకే వదిలేయాలి. సామెతలు, పాటల పల్లవులు వద్దు. తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టవచ్చు గానీ, ‘చెట్టు’కి ఎన్ని టీలు పెట్టామో అర్ధరాత్రి గుర్తురాకపోతే తలుపు తెరుచుకోదు. అందుకే నేను జాబితాలో ఉన్న ఇంగ్లిష్ మాటలతోనే సరిపెట్టుకున్నాను.

ఓటీపీల దగ్గరికి వస్తే, ముఖ్యమైన ఖాతాలకు ఎస్ఎంఎస్ ఓటీపీ తీసేసి ఆథెంటికేటర్ యాప్ పెట్టాను. వేరే పద్ధతి ఉన్నా ఎస్ఎంఎస్‌నే పట్టుకుని ఉండటం నా దృష్టిలో బద్ధకం. మన నంబరును మాయమాటలతో తన సిమ్ మీదికి మార్పించుకున్నవాడికి ఆ ఓటీపీలన్నీ నేరుగా చేరతాయి. ట్విటర్ అధిపతిగా ఉన్న జాక్ డోర్సీ ఖాతా 2019 ఆగస్టులో ఇలాగే నంబరు చేజారి దుండగుల పాలైంది. ఆథెంటికేటర్‌లో ఆరంకెల కోడ్ ఫోన్‌లోనే పుడుతుంది, 30 సెకన్లకోసారి మారుతుంది, సిగ్నల్ కూడా అక్కర్లేదు. అయితే నకిలీ పేజీలో మనమే ఆ కోడ్ కొడితే అదీ పోతుంది. పాస్‌వర్డ్‌కు బదులుగా వాడే డిజిటల్ తాళంచెవులు పాస్‌కీలు. వాటికి ఆ బెడద లేదు, అవి డొమైన్‌కు కట్టుబడి ఉంటాయి. ఇచ్చిన ప్రతిచోటా పాస్‌కీకి మారిపోయాను. ఈమెయిల్‌కీ ఈ మేనేజర్‌కీ చెందిన కోడ్‌లు మాత్రం ఈ మేనేజర్‌లో పెట్టను, విడిగా ఉంచుతాను.

సెక్యూరిటీ ప్రశ్నల సంగతి చాలామంది పట్టించుకోరు. అమ్మ పుట్టింటి పేరు, మొదటి బడి, పెంపుడు కుక్క. ఇవి రహస్యాలా? మన చుట్టాలందరికీ తెలుసు, సోషల్ మీడియాలో మనమే రాస్తాం. 2008లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీలో ఉన్న సారా పాలిన్ యాహూ మెయిల్‌ని ఒక కాలేజీ కుర్రాడు తెరిచాడు. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే జవాబులతోనే పాస్‌వర్డ్ మార్చేశాడు. నేను ఈ ప్రశ్నలన్నిటికీ అబద్ధాలే చెబుతాను, ఒక్కోచోట ఒక్కోటి, యాప్ నోట్స్‌లో రాసుకుంటాను. గజిబిజి అక్షరాలు పెట్టకండి. “ఏవో పిచ్చి అక్షరాలు కొట్టానండీ, గుర్తులేదు” అని దొంగ ఫోన్‌లో చెబితే, తెరమీద అవే కనిపిస్తున్న కస్టమర్ కేర్ మనిషి సరేనని ఒప్పుకునే ప్రమాదం ఉంది. నిజమైన పేరులా వినిపించే అబద్ధం మేలు.

ఇక నేను ఊహించని ఉపయోగం. నేను పూర్తిగా మరిచిపోయిన ఒక కంపెనీ నుంచి ఒకరోజు మెయిల్ వచ్చింది. మా సిస్టమ్‌లోకి ఎవరో చొరబడ్డారు, మీ పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు పోయి ఉండవచ్చు, పాస్‌వర్డ్ మార్చుకోండి అని. పాస్‌వర్డ్ మార్చుకోవడం నిమిషం పని. పుట్టిన తేదీ ఎక్కడ మార్చుకోను? వాళ్ల సేవ నేను వాడింది ఒకే ఒక్కసారి, అదీ ఎప్పుడో. ఆ సాయంత్రం యాప్ తెరిచి కిందిదాకా చూస్తూ పోతే, నా జీవితంలో ఎవరెవరికి నా వివరాలు ఇచ్చానో ఆ చిట్టా మొత్తం అక్కడే ఉంది. అలాంటి చిట్టా ఇంకెక్కడా లేదు. మెయిల్ పెట్టె వెతికినా దొరకదు.

అప్పటినుంచి ప్రతి ఎంట్రీకి ట్యాగ్ పెట్టడం మొదలుపెట్టాను: వీళ్ల దగ్గర నా ఐడీ కాపీ ఉంది, వీళ్ల దగ్గర కార్డు ఉంది, వీళ్ల దగ్గర పాత చిరునామా ఉంది. మన పేరుతో వేరేవాడు అప్పు తీసుకోవడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఈ ముక్కలు చాలు. ఒకడి దగ్గర పుట్టిన తేదీ, ఇంకోచోట చిరునామా, మూడోచోట ఐడీ కాపీ దొరికితే మనిషి తయారైపోతాడు. ఫోన్ చేసి మన పుట్టిన తేదీ వాడే చెప్పేసరికి, ఇన్ని తెలిసినవాడు బ్యాంకువాడే అయ్యుంటాడని మనం నమ్మేస్తాం. లీకైన వివరాలతో జరిగే మోసం చాలావరకు ఇలాగే ఉంటుంది. వివరాలు తెలియడం గుర్తింపు కాదని ఇంట్లో అందరికీ చెప్పి పెట్టాను.

ట్యాగులు పెట్టాక ఒక్కో పాత ఖాతా మూస్తూ వచ్చాను. తేలికని చెప్పను. డిలీట్ బటన్ లేనివి బోలెడు. ఒకచోట, ఖాతా తీసేయాలంటే మీ ఐడీ కాపీ పంపండి అన్నారు! ఉన్న వివరాలు తుడిచెయ్యమంటే కొత్తవి అడగడం. మూయడానికి వీల్లేనిచోట కార్డు తీసేసి, అవసరం లేని గడుల్లో ఉన్న వివరాలు చెరిపేశాను. ఇప్పుడు కొత్తగా ఎక్కడ చేరుతున్నా, తప్పనిసరి అని చెప్పే చుక్క గుర్తు (*) లేని గడి ఖాళీగానే వదిలేస్తాను. ఐడీ కాపీ ఇవ్వక తప్పకపోతే దానిమీద అడ్డంగా, ఎవరికి, దేనికి, ఏ తేదీన ఇచ్చానో రాసే ఇస్తాను. ఒక అక్షరమైనా అంకెల మీదుగా పోవాలి, లేకపోతే ఆ రాత ఉన్నంతమేర కత్తిరించేస్తారు.

యాప్ వల్ల కానివి కొన్ని ఉన్నాయి. కంప్యూటర్‌లోకి దొంగ ప్రోగ్రామ్ దూరితే, అప్పటికే లాగిన్ అయి ఉన్న బ్రౌజర్ సెషన్లనే ఎత్తుకుపోతుంది. అప్పుడు పాస్‌వర్డ్ ఎంత పెద్దదైనా ఒకటే. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ నా కంప్యూటర్‌లో లేకపోవడానికి కారణం నీతి కంటే ఈ భయమే ఎక్కువ. నా పేరు మీద ఎవరైనా అప్పు తీశారా అన్నది కూడా ఇది చెప్పదు. దానికి క్రెడిట్ రిపోర్టు చూసుకోవాల్సిందే.

ఇంట్లోవాళ్లకు అలవాటు చేయడం అన్నిటికంటే కష్టం. మా అమ్మ వినలేదు. “నీ డబ్బా తాళం నువ్వే మరిచిపోతే? నీకేమైనా అయితే మాకెలా తెలుస్తుందిరా?” అంది. ఆవిడ తన పాస్‌వర్డ్‌లు పుస్తకంలో రాసుకుంటుంది, ఒక్కోదానికి ఒక్కోటి. ఆలోచిస్తే అది పనికిమాలిన పద్ధతేమీ కాదు. ఇంటర్నెట్‌లో ఉన్న దొంగకు బీరువాలోని పుస్తకం అందదు. నకిలీ పేజీని పట్టుకోలేదన్నదొక్కటే దాని లోటు. అమ్మ ప్రశ్నకు జవాబుగా మాస్టర్ పాస్‌వర్డ్, రికవరీ కోడ్‌లు కాగితం మీద రాసి, కవరులో పెట్టి అతికించి ఆవిడకే ఇచ్చాను. మాస్టర్ పాస్‌వర్డ్ మరిచిపోతే కంపెనీ కూడా ఏమీ చేయలేదు, వాళ్ల దగ్గర అది ఉండదు మరి.

చందా మళ్లీ కడతాను. ధర పెంచినా కొంతవరకు కడతాను. నన్ను కదిలించేది ఒక్కటే, నా వివరాలన్నీ ఫైలుగా బయటికి దింపుకునే ఎక్స్‌పోర్ట్ సదుపాయం తీసేస్తే. ఇప్పుడైతే అప్పుడప్పుడు ఎన్‌క్రిప్ట్ చేసిన కాపీ దింపుకుని పెన్‌డ్రైవ్‌లో ఉంచుతున్నాను. సీఎస్‌వీ రూపంలో మాత్రం దింపను, అందులో అన్నీ విప్పి పరిచినట్టు ఉంటాయి. యాప్ మారినప్పుడు తప్పక దింపితే, కొత్తదానిలోకి ఎక్కించిన వెంటనే ఆ ఫైలును డౌన్‌లోడ్స్ నుంచీ రీసైకిల్ బిన్ నుంచీ తీసేయాలి. క్లౌడ్ బ్యాకప్ దాన్ని ఈలోగా పైకి పంపేసిందేమో కూడా చూసుకోవాలి.