ఒత్తిగిలి పడుకునేవారికి కేదార్‌కంఠ గుడారాలు

శీతకాలంలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం ట్రెక్కుకు పేరు ఇచ్చే ముందు మనవాళ్లు సాధారణంగా భోజనం గురించీ, గైడ్ల గురించీ, స్లీపింగ్ బ్యాగు ఎన్ని డిగ్రీల చలికి ఆగుతుందన్న దాని గురించీ అడుగుతారు. అవన్నీ అడగవలసినవే. అయితే వెల్లకిలా పడుకుంటే నిద్ర పట్టని నాలాంటివారు, గుడారంలో నేల మీద ఏం పరుస్తారు, ఒక్కొక్కరికి ఎన్ని పరుస్తారు అన్న ప్రశ్నను వాటన్నిటికంటే ముందు అడగాలి. ఈ దారిలో బసలను నేను పోల్చి చూసింది ముఖ్యంగా ఆ దృష్టితోనే.

హైదరాబాద్ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి దేహ్రాదూన్ వరకు ప్రయాణం అందరికీ తెలిసినదే. దేహ్రాదూన్ నుంచి సాంక్రీ గ్రామం సుమారు 200 కిలోమీటర్లే అయినా, ముస్సోరీ, నౌగావ్, పురోలా, మోరీల మీదుగా సాగే కొండదారి పగలంతా తీసుకుంటుంది. నైత్వార్ దగ్గర గోవింద్ అభయారణ్యం ప్రవేశ రుసుము కట్టి ముందుకు వెళ్లాలి. సుమారు 6,400 అడుగుల ఎత్తున ఉన్న సాంక్రీలో దేవదారు కలపతో కట్టిన ఇళ్లలోనూ, చిన్న లాడ్జీల్లోనూ బస దొరుకుతుంది. గదులు సాదాగా ఉంటాయి, వేడినీళ్లు అడిగితే బకెట్టుతో తెచ్చిస్తారు. పరుపు మీద బరువైన దూది రజాయి కప్పుకుని ఎటు కావాలంటే అటు ఒత్తిగిలి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకోవచ్చు కనుక నిద్ర విషయంలో ఈ బసకు పూర్తి మార్కులు వేస్తాను.

అసలు పరీక్ష సుమారు 9,100 అడుగుల ఎత్తున ఉన్న జూడా కా తాలాబ్ దగ్గర మొదలవుతుంది. చుట్టూ పైన్ అడవి, మధ్యలో గడ్డకట్టిన చిన్న చెరువు, మంచు మీద వరుసగా గుడారాలు. మాకు ఒక్కొక్కరికి ఒక మమ్మీ స్లీపింగ్ బ్యాగు, లోపల వేసుకోవడానికి మెత్తని నూగు బట్టతో కుట్టిన ఒక ఫ్లీస్ లైనరు, కింద పరచుకోవడానికి ఒక పలుచని ఫోమ్ చాప ఇచ్చారు. మమ్మీ బ్యాగు భుజాల దగ్గర వెడల్పుగా ఉండి పాదాల వైపు సన్నబడుతుంది. లోపల ఖాళీ తక్కువ కావడం వల్ల ఒంటి వేడితో త్వరగా వెచ్చబడుతుంది, బరువూ తగ్గుతుంది. వెల్లకిలా కదలకుండా పడుకునేవారికి అది చక్కగా సరిపోతుంది. ఒత్తిగిలి పడుకునేవారికి మాత్రం మోకాళ్లు వంచే చోటే బ్యాగు ఇరుకవుతుంది.

పైగా శరీరం బరువంతా తుంటి మీదా భుజం మీదా పడి, వాటి కింద బ్యాగులోని కృత్రిమ దూది లేదా ఈకలు పూర్తిగా అణగిపోతాయి. అణగిన దూదిలో గాలి నిలవదు, గాలి నిలవని చోట వెచ్చదనం ఉండదు. అంటే నేల చలిని ఆపవలసింది అక్కడ బ్యాగు కాక చాపే. పలుచని ఫోమ్ చాప ఒక్కటే ఉంటే తుంటి ఎముక నేలను తాకినట్టే ఉంటుంది, ఆ ఒక్క చోటు నుంచి చలి ఒళ్లంతా పాకుతుంది. చాప చలిని ఎంత అడ్డుకుంటుందో ఆర్-విలువ అనే అంకె చెబుతుంది. ఒకదాని మీద ఒకటి పరిస్తే రెండు చాపల విలువలూ కలుస్తాయి. మంచు మీద పడుకోవడానికి 4 లేదా 5కు తగ్గకుండా ఉండాలి, మామూలు ఫోమ్ చాప ఒక్కటి సుమారు 2 దగ్గరే ఆగిపోతుంది. మా బృందానికి వంట చేసిన కుర్రవాడిని అడిగితే అదనపు చాప ఒకటి మారుమాట లేకుండా తెచ్చి ఇచ్చాడు. సేవల విషయంలో ఆ నిర్వాహకులకు నేను పెట్టే మొదటి మెప్పు ఇదే, అడగకముందే ఇచ్చి ఉంటే ఇంకా బాగుండేదన్నది వేరే సంగతి.

పక్క మార్చుకోవడంలో కూడా పద్ధతి ఉంది. బ్యాగును కదలనివ్వకుండా మనం మాత్రమే లోపల తిరిగితే ముఖం బ్యాగులో తలను కప్పే టోపీ భాగంలోకి పోయి ఊపిరి బ్యాగులోకే వదులుతాం. ఆ తేమ తెల్లవారేసరికి దూదిని తడిపి వెచ్చదనాన్ని తగ్గిస్తుంది. అందుచేత బ్యాగుతో సహా తిరగాలి, అప్పుడు టోపీ తెరుపు ఎప్పుడూ ముఖానికి ఎదురుగానే ఉంటుంది. టోపీ తాడును గట్టిగా బిగించకుండా, తలకు విడిగా ఉన్ని టోపీ పెట్టుకోవడం మేలు. ఫ్లీస్ లైనరు మాత్రం పక్క మార్చినప్పుడల్లా తడి పంచెలా కాళ్లకు చుట్టుకుంటుంది కనుక, దాన్ని బ్యాగు పైన దుప్పటిలా పరచుకుని లోపల థర్మల్ దుస్తులు వేసుకోవడమే నాకు నచ్చింది. బ్యాగును చుట్టి పెట్టే సంచిలో ఈకలు నింపిన డౌన్ జాకెట్టు కుక్కితే భుజం ఎత్తుకు తగ్గ దిండు తయారవుతుంది. ఒత్తిగిలేవారికి దిండు ఎత్తుగా లేకపోతే మెడ పట్టేస్తుంది. మడిచిన ఫ్లీస్ చొక్కాను మోకాళ్ల మధ్య పెట్టుకుంటే తుంటి మీద ఒత్తిడి తగ్గుతుంది. జిప్పు రెండు వైపుల నుంచీ తెరుచుకునే రకమైతే, చలి తక్కువగా ఉన్న రాత్రి పాదాల వైపు కొంత విప్పుకుని మోకాళ్లు కాస్త వంచుకోవచ్చు.

సుమారు 11,000 అడుగులు దాటిన బేస్ క్యాంపులో డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నాకు చాలా కిందికి పోతుంది. అక్కడ జిప్పు విప్పే మాటే లేదు. నేల కొంచెం వాలుగా ఉండటంతో నైలాన్ బ్యాగులు చాపల మీద నుంచి జారిపోతుంటాయి. తల ఎత్తు వైపు ఉండేలా, వీపు గుడారం గోడకు తగలకుండా చోటు ఎంచుకోవాలి, ఎందుకంటే ఆ గోడ లోపలి వైపు కూడా మంచు పడుతుంది. ముగ్గురు పడుకునే గుడారంలో మధ్య చోటు వెచ్చగా ఉన్నా, ఒత్తిగిలేవారికి అటూ ఇటూ మోకాళ్లు తగిలి ఇబ్బందే. రాత్రి భోజనం తర్వాత సీసాల్లో పోసి ఇచ్చిన వేడినీళ్లను తొడల మధ్య పెట్టుకుంటే చాలాసేపు హాయిగా ఉంటుంది. శిఖరానికి తెల్లవారుజామునే బయలుదేరాలి కనుక నిద్రకు దొరికేది కొన్ని గంటలే. ఆ ఎత్తులో ఊపిరి లయ తప్పి మెలకువలు రావడం సహజం, ప్రతి మెలకువకూ బ్యాగును తప్పుపట్టనవసరం లేదు. 12,500 అడుగుల శిఖరం మీద స్వర్గారోహిణి, బందర్‌పూంఛ్ పర్వతాలు కనిపించినప్పుడు నిద్ర గురించి ఎవరూ మాట్లాడలేదు.

సొంత బ్యాగు కొనదలచినవారు అంకెలను జాగ్రత్తగా చదవాలి. స్లీపింగ్ బ్యాగు ఎంత చలికి ఆగుతుందో కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 23537 కింద ఇచ్చే ‘కంఫర్ట్’ ఉష్ణోగ్రత వెల్లకిలా సాఫీగా పడుకున్నవారిని దృష్టిలో పెట్టుకున్నది, ‘లిమిట్’ ఉష్ణోగ్రత ముడుచుకుని పడుకున్నవారిని దృష్టిలో పెట్టుకున్నది. ముడుచుకోనివ్వని బ్యాగు మీద ముడుచుకున్నవారి లెక్క రాయడం విడ్డూరమే. ఒత్తిగిలేవారు కంఫర్ట్ అంకెనే నమ్మాలి. భుజాల దగ్గర చుట్టుకొలత కనీసం 160 సెంటీమీటర్లు ఉన్నదీ, మోకాళ్ల దగ్గర వెడల్పుగా కుట్టినదీ చూడాలి. గాలి నింపే చాప కొంటే 51 సెంటీమీటర్ల మామూలు వెడల్పు కాకుండా 64 సెంటీమీటర్లది తీసుకుని, తుంటి కొంచెం దిగేలా గాలి కాస్త తగ్గించి నింపుకోవాలి, నేలకు తగిలేంతగా మాత్రం తగ్గించకూడదు.

కొన్నదాన్ని హిమాలయాల దాకా మోసుకుపోయే ముందు ఒకసారి లంబసింగిలో పరీక్షించుకోవడం తెలివైన పని. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఆ ఊళ్లో చలికాలపు తెల్లవారుజాము ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగుతుంది, గుడారాలు అద్దెకు దొరుకుతాయి, విశాఖపట్నం నుంచి రోడ్డు మీద కొన్ని గంటల ప్రయాణం. మంచు మీద పడుకున్నప్పటి చలి అక్కడ తెలియదు. కానీ ఏ పక్కకు తిరిగితే జిప్పు వీపు కిందికి వస్తుందో, దిండు ఎత్తు చాలుతుందో లేదో, మోకాళ్లు ఎక్కడ ఆగిపోతున్నాయో ఒక్క రాత్రిలో తేలిపోతుంది, సరిపడకపోతే బ్యాగును దుకాణంలో మార్చుకునేందుకు వ్యవధీ ఉంటుంది.