తెర మీద కప్ప కండరం, వేలి మీద రక్తపు చుక్క

ఎంబీబీఎస్ మొదటి ఏడాది ఫిజియాలజీకి వర్చువల్ ల్యాబ్ మేలా, మామూలు ల్యాబ్ మేలా? నన్నడిగితే, ప్రయోగాన్ని బట్టి చెప్పాలి.

ఒకప్పుడు కప్పను చంపి, నరంతో సహా పిక్క కండరాన్ని విడదీసి, కైమోగ్రాఫ్ (కండరం కదలికను గీతగా నమోదు చేసే యంత్రం) డ్రమ్ముకు చుట్టిన మసి కాగితం మీద గీతలు తీయించేవారు. 2014లో భారత వైద్య మండలి ఇలాంటి పాఠాలకు కంప్యూటర్ మాడ్యూళ్లు వాడాలంది. చాలా మంచి పని. తెర మీద ఉద్దీపనలు దగ్గర దగ్గరగా ఇస్తూ పోతే, విడివిడి సంకోచాలు కలిసిపోయి టెటనస్‌గా (జబ్బు కాదు, కండరం ఎడతెగకుండా బిగుసుకుని ఉండటం) మారడం స్పష్టంగా కనిపిస్తుంది. అర్థం కాకపోతే మళ్లీ నొక్కొచ్చు. ఇంకో కప్ప ప్రాణం పోదు.

రక్తపు స్మియర్ (స్లైడు మీద పలచగా పరిచే రక్తపు పొర) దగ్గర మాత్రం నా ఓటు అసలు ల్యాబ్‌కే. వేలికి లాన్సెట్ అనే చిన్న సూది గుచ్చి, చుక్కను స్లైడు మీదికి తీసుకుని, రెండో స్లైడును ఏటవాలుగా ఆనించి ఒక్క ఊపులో ముందుకు తోయాలి. కోణం పెరిగితే పొర మందంగా వస్తుంది. మధ్యలో చెయ్యి తడబడితే చారలు పడతాయి. మౌస్ పట్టుకుంటే ఆ ఒడుపు రాదు. తోటి విద్యార్థి వేలికి మొదటిసారి గుచ్చేటప్పుడు పడే టెన్షన్ కూడా పాఠంలో భాగమే.

ముందురోజు రాత్రి స్మియర్ సిమ్యులేషన్ చూసి వస్తే, ల్యాబ్‌లో ఉన్న సమయమంతా చేతిపనికే మిగులుతుంది.