వీవీటీ సోలెనాయిడ్: కడిగి పెట్టడమా, కొత్తది వేయడమా?

పాత కొరొల్లాలో చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. సిగ్నల్ దగ్గర ఆగితే బండి వణుకుతోంది, పికప్ పడిపోయింది, పెట్రోలు మునుపటికంటే ఎక్కువ తాగుతోంది. స్కానర్ పెడితే పీ0011 అనే లోపం కోడ్ వచ్చింది. గ్యారేజీలో "సోలెనాయిడ్ పోయింది సార్, మార్చేద్దాం" అన్నారు. ఇంజిన్ వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటు (వీవీటీ)కి ఆయిల్ పంపే, కరెంటుతో కదిలే చిన్న వాల్వ్ అది. ఇక్కడ తొందరపడి ఒప్పుకోకండి. నా లెక్కలో ముందు పరీక్ష, తర్వాత కడగడం, అదీ పని చేయకపోతే కంపెనీ పార్టు. చవక డూప్లికేట్ జోలికి మాత్రం అసలు పోవద్దు.

నేను చెప్పేది 2003 నుంచి 2008 దాకా మన దేశంలో అమ్మిన 1.8 లీటర్ల కొరొల్లా గురించి. అందులోది 1జెడ్‌జెడ్-ఎఫ్ఈ ఇంజిన్. ఇన్‌టేక్ క్యామ్‌కి (గాలి లోపలికొచ్చే వాల్వులను తెరిచే ఇరుసుకి) మాత్రమే వీవీటీ-ఐ (టయోటా వీవీటీ పేరు) ఉంటుంది కాబట్టి సోలెనాయిడ్ ఒక్కటే. మెకానిక్‌లు దీన్నే ఓసీవీ అని, ఆయిల్ కంట్రోల్ వాల్వ్ అని కూడా అంటారు. కంప్యూటర్ కరెంటు పంపితే లోపలి కడ్డీ జరుగుతుంది. అది జరిగినదాన్నిబట్టి ఇంజిన్ ఆయిల్ క్యామ్ గేరులోని ఒక గదిలోకో, రెండో గదిలోకో వెళ్తుంది. ఆ ఒత్తిడికే క్యామ్ ముందుకో వెనక్కో తిరుగుతుంది. అంటే ఈ పార్టులో సగం పని కరెంటుది, సగం ఆయిల్‌ది. ఏ సగం చెడిందో తేలకుండా ఏది మేలో చెప్పలేం.

కోడ్ చూస్తే కొంత తెలుస్తుంది. పీ0010 వస్తే గొడవ కరెంటు వైపు: కాయిల్ (సోలెనాయిడ్ లోపలి తీగచుట్ట), వైరు లేదా కనెక్టర్. పీ0011, పీ0012 వస్తే కరెంటు అందుతోంది కానీ క్యామ్ చెప్పినట్టు తిరగడం లేదని అర్థం. ఇంకొంచెం పాత టయోటాల్లో ఇలాంటి లోపానికే పీ1349 చూపిస్తుంది. పీ0016 కూడా తోడై, పొద్దున స్టార్ట్ చేయగానే ముందువైపు గలగల వినిపిస్తే టైమింగ్ చైన్‌నో (క్యామ్‌ని తిప్పే గొలుసు) క్యామ్ గేరునో అనుమానించాలి. అప్పుడు సోలెనాయిడ్ కడిగినా మార్చినా ఒరిగేదేమీ లేదు.

ఇక పరీక్ష. కనెక్టర్ పీకి, సోలెనాయిడ్ మీది రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, 20 డిగ్రీల దగ్గర, 6.9 నుంచి 7.9 ఓమ్‌ల మధ్య చూపించాలి. మన ఎండల్లో కాస్త ఎక్కువ చూపిస్తే కంగారు పడక్కర్లేదు. మీటర్ అసలు కదలకపోతే కాయిల్ తెగింది, సున్నా దగ్గర ఉంటే లోపల షార్ట్ అయింది. ఈ రెండిట్లో ఏదైనా కడగడం దండగ.

రెండో పరీక్ష నాకు ఇంకా ఇష్టం. ఇంజిన్ వేడెక్కనిచ్చి, స్లోలో తిరుగుతుండగా కనెక్టర్ తీసి, బ్యాటరీ నుంచి ఆ పిన్నులకు 12 వోల్టులు ఒక్క క్షణం అందించండి. ఇంజిన్ ఒక్కసారిగా తడబడాలి, ఆగిపోయినా మంచిదే. అంటే వాల్వ్ కదిలింది, ఆయిల్ వెళ్లింది, క్యామ్ తిరిగింది. అప్పుడు సోలెనాయిడ్‌ని వదిలేసి వైరింగ్ వెతకండి. కరెంటిచ్చినా ఇంజిన్‌లో చలనం లేకపోతే వాల్వ్ ఇరుక్కుపోయింది, లేదా ఆయిల్ దారి మూసుకుపోయింది. వైర్లు ఎక్కువసేపు తగిలించి ఉంచొద్దు, కాయిల్ కాలిపోతుంది.

కాయిల్ బాగుండి వాల్వ్ ఇరుక్కున్న బళ్లలో కడగడానికే నా ఓటు. కారణం చెప్తాను. ఈ ఇంజిన్ ఆయిల్ తాగుతుందని పేరు. మొదట్లో వచ్చినవాటిలో పిస్టన్‌ మీద ఆయిల్ వెనక్కి దిగే రంధ్రాలు చిన్నవి. అవి మూసుకుపోయి, రింగులు పట్టేసి ఆయిల్ మండిపోతుంది. నింపేదే 3.7 లీటర్లు. అందులో ఒక లీటరు తగ్గితే మిగిలింది త్వరగా చెడి మడ్డి కడుతుంది. ఆ మడ్డి ముందు చేరేది ఈ వాల్వ్ సన్నటి గాళ్లలోకే. కొత్త వాల్వ్ వేసినా అదే మడ్డిలో కూర్చోవాలి కదా!

పని కష్టమైనది కాదు. బెల్టులున్న వైపు, హెడ్డుకి ఒకే ఒక్క బోల్టుతో బిగించి ఉంటుంది. 10 నంబరు పానా చాలు. బోల్టు తీశాక పట్టకారుతో గుంజకుండా, అటూ ఇటూ తిప్పుతూ మెల్లగా లాగాలి. బయటికొచ్చాక గాళ్లలోకి కార్బ్ క్లీనర్ స్ప్రే కొడుతూ, మధ్యలో 12 వోల్టులు తాకించి తీస్తూ చూడండి. మొదట నల్లటి జిగురు కారుతుంది, కదలిక బద్ధకంగా ఉంటుంది. శుభ్రపడేకొద్దీ ప్రతి తాకుడుకీ "టక్" అని స్పష్టంగా వినిపిస్తుంది, కడ్డీ చివరిదాకా వెళ్లి తిరిగొస్తుంది. ఎంత కడిగినా సగంలోనే ఆగిపోతే, కడ్డీ మీద గీతలు పడి ఉంటే, అది అరిగిపోయినట్టే, కొత్తది తెచ్చుకోండి. దీనికి ఆయిల్ అందించే దారిలో విడిగా ఒక బోల్టు వెనక చిన్న జాలీ ఫిల్టర్ కూడా ఉంటుంది. చాలామంది దాన్ని ముట్టుకోరు. దాన్నీ కడగాలి. ఆ జాలీలో మెరిసే లోహపు రవ్వలు కనిపిస్తే మాత్రం బేరింగులో, చైనో అరుగుతున్నాయి, అది వేరే పెద్ద కథ. తిరిగి పెట్టేటప్పుడు ఓ-రింగ్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) కొత్తది వేసి, దానికి ఆయిల్ రాయండి. పాతది గట్టిపడి ఉంటుంది, అక్కణ్నుంచే కారుతుంది.

కొత్తదే కొనాల్సి వస్తే కంపెనీ పార్టుకే డబ్బు పెట్టండి, లేదా కార్ల కంపెనీలకు పార్టులు చేసిపెట్టే తయారీదారుల పేరు మీద దొరికేదానికి. పెట్టె మీద పేరు లేని డూప్లికేట్ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. కానీ కడ్డీకీ దాని గొట్టానికీ మధ్య సందు వెంట్రుకకన్నా సన్నం. అక్కడ కోత సరిగా లేకపోతే ఆయిల్ లోపలే లీకై క్యామ్ నిలకడగా నిలబడదు. కొత్త పార్టు వేశాక కూడా అదే కోడ్ వస్తే మెకానిక్ వైరింగ్‌నీ కంప్యూటర్‌నీ అనుమానిస్తాడు, మీ ఖర్చు పెరుగుతూ పోతుంది. ఆ డూప్లికేట్ కన్నా విజయవాడ ఆటోనగర్ లాంటి చోట దొరికే పాత ఒరిజినలే నయం. మీటర్ వెంట తీసుకెళ్లి ఓమ్‌లు అక్కడే చూసుకోండి, కడ్డీ కదలిక కళ్లారా చూశాకే డబ్బివ్వండి.

అమెరికాలో సెకండ్‌హ్యాండ్ కొరొల్లా నడుపుతున్న మనవాళ్ల లెక్క కొంచెం వేరు. అక్కడ గ్యారేజీ లేబరే ఎక్కువ పడుతుంది కాబట్టి కడగడమైనా, మార్చడమైనా సొంతంగా చేసుకోవడం లాభం. పైగా డాలస్ లాంటి ఊళ్లలో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంటే ఎమిషన్ పరీక్షలో బండి ఫెయిల్. మన దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్‌కి ఆ లైటు అడ్డం కాదు, అందుకే నెలల తరబడి అలాగే తిప్పేస్తాం. అలా తిప్పొద్దు. పికప్ లేక, మైలేజీ రాక ఆ నష్టం మనకే.

ఏ దారి పట్టినా ఆయిల్, ఫిల్టర్ అదే రోజు మార్చండి. ఆయిల్ తాగుతోందని చిక్కటి 20డబ్ల్యూ-50 పోయించుకుంటారు కొందరు. అది ఈ సన్నటి దారుల్లో, ముఖ్యంగా చలి పొద్దున, ఆలస్యంగా కదులుతుంది. మాన్యువల్లో మీ వాతావరణానికి చెప్పిన గ్రేడుల్లో పల్చనిదే మేలు. కోడ్ చెరిపేసి, వారానికోసారి డిప్‌స్టిక్ చూసుకుంటూ నడపండి. లెవెల్ నిండుగా ఉండగానే పీ0011 మళ్లీ వచ్చిందంటే, ఇంకో సోలెనాయిడ్ కొనకుండా క్యామ్ గేరు, చైన్ చూపించండి.