సర్టిఫికెట్ క్యాంపుకి అయిదుకి రెండు మార్కులు, నాయకులకి ఒకటిన్నర

మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా, పన్నెండేళ్లుగా మందులు వాడుతున్నాడు. వైకల్య సర్టిఫికెట్ కోసం మీసేవలో స్లాట్ బుక్ చేసుకుని, హైదరాబాద్‌లోనే ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పెట్టిన క్యాంపుకి అమ్మా నేనూ వాణ్ణి తీసుకెళ్లాం. ఆసుపత్రి పేరు రాయను, ఎందుకంటే అక్కడి డాక్టర్ తప్పు ఇందులో పావు వంతు కూడా లేదు.

స్లాట్ తొమ్మిదింటికి. టోకెన్ చేతికొచ్చేసరికి పదిన్నర, మానసిక వైద్యుడు వచ్చేసరికి పన్నెండు. ఉన్నది ఆయనొక్కడే, ఓపీ ముగించుకుని రావాలి మరి. ర్యాంపు ఉంది, దాని ముందు రెండు బైకులు అడ్డంగా ఉన్నాయి, ఒక పెద్దాయన్ని కొడుకు ఎత్తుకుని మెట్లెక్కించాడు. ఆ గోలలో మావాడు గోడవైపు తిరిగి నిలబడిపోయాడు. కాగితాలు చూసే అతనేమో "మనిషి బానే ఉన్నాడు కదమ్మా, ఏమైంది?" అన్నాడు. అమ్మ ఏం మాట్లాడలేదు, చీటీల సంచీ అతని బల్ల మీద బోర్లించింది.

మానసిక జబ్బు 1995 చట్టంలోనే వైకల్యం కింద ఉంది, ఉద్యోగాల కోటాలోకి మాత్రం 2016 చట్టంతో వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా కౌంటర్ దగ్గర ఇదే ప్రశ్న! కాలో చెయ్యో అయితే కొలిచి చూస్తారు, దీనికి మాత్రం తన పనులు తను చేసుకుంటున్నాడా, నలుగురితో ఎలా ఉంటున్నాడు, చెప్పింది అర్థం చేసుకుంటున్నాడా, పని చేయగలడా అని అడిగి, జబ్బు ఎన్నేళ్లుగా ఉందో కూడా కలిపి మార్కులేస్తారు. వైకల్యం 40 శాతం వస్తేనే లెక్క. ఇదంతా మాకు ఆరు నిమిషాల్లో అయిపోయింది, బయట ఇంకా అరవై మంది ఉన్నారు.

క్యూలో ఉన్నంతసేపూ వికలాంగుల పెన్షన్ ముచ్చటే. 2014లో 1500 చేశారు, 2019లో 3016, 2023లో 4016, ఆ ఏడాది ఎన్నికల్లోనే కాంగ్రెస్ 6000 ఇస్తామంది. పెంచినవాళ్లకి దండం పెడతాను, మాలాంటి ఇళ్లలో అది మందుల ఖర్చు. కానీ ఏ పార్టీ అయినా ఆ అంకె చుట్టూనే తిరుగుతోంది. క్యాంపులో ఇంకో సైకియాట్రిస్ట్‌ని కూర్చోబెడతామని ఓట్లడిగిన నాయకుణ్ణి నేనింతవరకు చూడలేదు. పెన్షన్ రావాలన్నా ముందు ఆ గది తలుపు దాటాలి కదా.

నాయకులకిచ్చిన ఒకటిన్నరలో ఒకటి పెన్షన్‌కి, మిగతా అర 14416కి. మానసిక సమస్యలకి ఫోన్‌లో సాయం చేయడానికి 2022లో కేంద్రం పెట్టిన టెలీ మానస్ నంబర్ అది, ఫ్రీ. ఒకసారి రాత్రి ఒంటిగంటకి టెన్షన్ పట్టలేక చేశాను. ఎత్తారు, తెలుగులోనే, తొందరపెట్టకుండా మాట్లాడారు.

క్యాంపుకి వెళ్లేవాళ్లు మొట్టమొదటిసారి చూపించినప్పటి చీటీ తప్పకుండా పట్టుకెళ్లండి, డాక్టర్ ముందు అడిగింది అదే. అన్నం బాక్సు కూడా.