పేగులో పేగు దూరిన పిల్లలకి ఎయిర్ ఎనిమా: ఎంత నమ్మొచ్చు, ఎక్కడ తేడా కొడుతుంది

పేగులో పేగు దూరే జబ్బుని ఇంటస్ససెప్షన్ అంటారు. దానికి చేసే ఎయిర్ ఎనిమా, అంటే మలద్వారం గుండా గాలి పంపి దూరిన పేగుని వెనక్కి తోయడం, పిల్లల వైద్యంలోని మంచి చికిత్సల్లో ఒకటి. కోత లేదు, కుట్టు లేదు. వేళకి చేస్తే 10 మందిలో 8 మందికి పైగా పిల్లలకి ఆపరేషన్ తప్పుతుంది. కాకపోతే ఫలితం చేసే చోటును బట్టి, చేసేవాళ్ల చేతిని బట్టి ఉంటుంది.

ఈ జబ్బులో చిన్నపేగు చివరి భాగం పెద్దపేగులోకి దూరిపోతుంది. దాంతోపాటు రక్తనాళాలూ లోపలికి వెళ్లి నలుగుతాయి. ముందు వాపు, తర్వాత రక్తం, ఇంకా ఆలస్యమైతే పేగు కుళ్లడం. 3 నెలల నుంచి 3 ఏళ్ల మధ్య ఎక్కువ. బిడ్డ ఉన్నట్టుండి కాళ్లు ముడుచుకుని గుక్కపెట్టి ఏడుస్తుంది, కాసేపటికి ఊరుకుంటుంది, 15-20 నిమిషాలకి మళ్లీ మొదలు. మధ్యలో మామూలుగా ఉండటం చూసి చాలామంది మోసపోతారు. కొందరు పసివాళ్లు అసలు ఏడవరు, మత్తుగా పడి ఉంటారు. పసరు వాంతి అయినా, నెత్తురూ జిగురూ కలిసిన విరేచనం అయినా ఇక ఒక్క గంట కూడా ఆగకూడదు. అసలు ఆ విరేచనం కోసం ఎదురుచూడటమే తప్పు, అది ఆలస్యంగా కనిపించే లక్షణం.

నిర్ధారణకి అల్ట్రాసౌండ్‌కి మించింది లేదు. పేగుని అడ్డంగా చూస్తే వలయంలో వలయం కనిపిస్తుంది. వెడల్పు సాధారణంగా 2.5 సెంటీమీటర్లు దాటుతుంది. చిన్నపేగులో చిన్నపేగు దూరితే 2 సెంటీమీటర్ల లోపే ఉండి, చాలావరకు దానంతటదే వీడిపోతుంది. దానికి ఎనిమా అక్కర్లేదు. ఎక్స్‌రే మామూలుగా ఉంది కదా అని బిడ్డని ఇంటికి పంపేసే చోటుని నమ్మకండి.

ఎనిమాకి ముందు జరిగే పనిలోనే ఆసుపత్రి నాణ్యత తెలిసిపోతుంది. ఐవీ (రక్తనాళంలోకి మందులు ఎక్కించే సన్న గొట్టం) పెట్టాలి. బిడ్డలో నీరు తగ్గితే కిలోకి 10-20 మిల్లీలీటర్ల చొప్పున సెలైన్ ఎక్కించాలి. పిల్లల సర్జన్‌కి ముందే కబురు వెళ్లాలి. షాక్‌లో (రక్తప్రసరణ దెబ్బతిన్న స్థితిలో) ఉన్న బిడ్డని తేరుకోనివ్వకుండా టేబుల్ మీదికి ఎక్కించకూడదు. కడుపు బల్లలా గట్టిపడినా, ఎక్స్‌రేలో పేగు బయట గాలి కనిపించినా ఎనిమా మాటే లేదు, నేరుగా ఆపరేషన్.

ఇక అసలు పని. మలద్వారంలో మెత్తని గొట్టం పెట్టి, పిరుదులు రెండూ దగ్గరికి నొక్కి టేపు వేస్తారు. ఎక్కువసార్లు పని చెడేది ఇక్కడే. గాలి పక్కనుంచి కారిపోతుంటే గేజీలో పీడనం నిలవదు, పేగు కదలదు, చివరికి చికిత్స పనిచేయలేదని రాసేస్తారు. అది టేపు తప్పు, చికిత్సది కాదు. పీడనం 80 మిల్లీమీటర్ల మెర్క్యురీతో మొదలుపెట్టి, 120 దాటనివ్వరు. ఒక్కో ప్రయత్నం సుమారు 3 నిమిషాలు, మామూలుగా 3 ప్రయత్నాలు. ఫ్లోరోస్కోపీ (కదలికలు చూపించే ఎక్స్‌రే) తెర మీద, దూరిన పేగు గడ్డలా కనిపిస్తుంది. ఆ గడ్డ వెనక్కి జరిగి, చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట కాసేపు మొండికేస్తుంది. అది వీడగానే గాలి ఒక్కసారిగా చిన్నపేగులోకి పరుచుకుంటుంది. ఆ దృశ్యం చూసేదాకా పని అయిపోయిందనుకోకూడదు.

గడ్డ కొంత జరిగి ఆగిపోయి, బిడ్డ నిలకడగా ఉంటే, కనీసం అరగంట ఆగి మళ్లీ ప్రయత్నించవచ్చు. ఈ ఓపిక ఉన్న చోటుకి మేం ఎక్కువ మార్కులు వేస్తాం.

గాలి బదులు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సెలైన్ ఎక్కించే పద్ధతీ బాగుంటుంది. సంచీని సుమారు మీటరు ఎత్తున వేలాడదీస్తారు, రేడియేషన్ బాధ ఉండదు. ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే బేరియం ద్రవంతో చేసే ఎనిమాకి మాత్రం దూరంగా ఉండటమే మేలు. పేగు చిల్లుపడితే అది కడుపులోకి కారి తీవ్రమైన వాపు తెస్తుంది.

గాలితో చిల్లుపడటం నూటికి ఒకరి కంటే తక్కువ. కానీ పడితే కడుపు గాలితో బిగుసుకుపోయి ఊపిరి ఆడదు. వెంటనే గుచ్చి గాలి తీసేందుకు 18 గేజ్ సూది టేబుల్ పక్కనే ఉండాలి. ఉందా అని అడగండి, ఇబ్బంది పడక్కర్లేదు.

ఆపరేషన్ దాకా వెళ్తే సర్జన్ పేగుని అవతలి చివర నుంచి మెల్లగా నొక్కుకుంటూ వెనక్కి తోస్తారు. లాగితే చిరుగుతుంది. కుళ్లిన భాగం ఉంటే కోసి అతుకుతారు.

ఈ చికిత్సకున్న పరిమితి ఒకటుంది: అది పేగుని విడదీస్తుంది, కారణాన్ని తీసేయదు. పసిపిల్లల్లో ఎక్కువగా వైరస్ జ్వరం తర్వాత పేగు గోడలోని లింఫ్ కణజాలం ఉబ్బడమే కారణం కాబట్టి ఇబ్బంది లేదు. పెద్ద పిల్లల్లోనూ, మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లలోనూ మెకెల్స్ డైవర్టిక్యులమ్ (చిన్నపేగుకి పుట్టుకతో ఉండే చిన్న సంచి), పాలిప్ (పేగు లోపలి కండ పెరుగుదల), లింఫోమా (లింఫ్ కణజాలపు క్యాన్సర్) లాంటివి వెతకాలి.

10 మందిలో ఒకరికి తిరగబెడుతుంది, ఎక్కువగా మొదటి 2 రోజుల్లోనే. తిరగబెట్టినా మళ్లీ ఎనిమాతోనే సరిచేయవచ్చు. డిశ్చార్జికి ముందు బిడ్డ పాలు తాగి నిలుపుకోవాలి. ఇంటికి వెళ్లాక ఆ ఏడుపు మళ్లీ మొదలైతే, వాంతులైతే, ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాయించుకోండి.