మాంగా: కుడి నుంచి ఎడమకా, తిప్పి అచ్చేసిందా, ఫోన్‌లోనా?

మొదటిసారి మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకం, కొన్నప్పుడు అలవాటు కొద్దీ ఎడమ అట్ట తెరిచాను. ఆగండి, మీరు చివర్నుంచి మొదలుపెట్టారు అంటూ ఓ హెచ్చరిక పేజీ ఎదురైంది. ఉర్దూ మీడియంలో చదివిన ఫ్రెండ్ నవ్వి, పుస్తకం అటు తిప్పి హాయిగా చదువుకుంటూ పోయాడు. నాకేమో ఓ ఇరవై పేజీల దాకా జవాబు ముందూ ప్రశ్న తర్వాతా వచ్చాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మూడు దారులున్నాయి. జపాన్‌లో వచ్చినట్టే కుడి నుంచి ఎడమకి చదివే పుస్తకం ఒకటి. బొమ్మలన్నీ అద్దంలో చూసినట్టు తిప్పి, మనలాంటివాళ్ల కోసం ఎడమ నుంచి కుడికి అచ్చేసిన పుస్తకం ఇంకోటి. మూడోది ఫోన్.

నుదుటి పక్కన చెమట బొట్టంటే ఇబ్బంది, కణత మీద ఉబ్బిన నరమంటే కోపం, ముక్కులోంచి బుడగ వస్తే నిద్ర. ఇలాంటి గుర్తులు ఎటు తిప్పినా, ఎంత చిన్న స్క్రీన్‌లో చూసినా అర్థమవుతాయి. దెబ్బతినేది మిగతాది.

తిప్పిన పుస్తకాలు ఇప్పుడు తక్కువే. 1988లో అమెరికాలో ‘అకిరా’ అనే మాంగాని రంగులద్ది మరీ తిప్పి అచ్చేశారు. 2002లో టోక్యోపాప్ అనే ప్రచురణ సంస్థ తిప్పకుండా వేయడం మొదలుపెట్టాక ఆ పద్ధతి సన్నగిల్లింది. తిప్పడంలో అసలు లాభం లేదని అనను. పరిగెత్తే పాత్ర, చదివేవాళ్ల కన్ను రెండూ ఒకేవైపు పోతుంటే బొమ్మలో వేగం వస్తుంది, తిప్పినా ఆ వేగం పోదు. కానీ సమురాయ్ యోధులందరూ ఎడంచేతివాటం అయిపోతారు. కిమోనోకి ఎడమ అంచు పైకి రావాలి, కుడి అంచు పైకి వేసేది శవానికే. ‘బ్లేడ్ ఆఫ్ ది ఇమ్మోర్టల్’ అనే మాంగా హీరో వీపు మీద బౌద్ధుల స్వస్తిక ఉంటుంది. తిప్పితే మనం గుమ్మం మీద వేసే వైపుకి వస్తుంది, కానీ పాశ్చాత్యులకి గుర్తొచ్చేది నాజీలు. అందుకని ఇంగ్లిష్‌లో వేసినవాళ్లు పేజీలు తిప్పకుండా, ప్యానెళ్లని (పేజీలో గళ్లుగా ఉండే ఒక్కో బొమ్మని) కత్తిరించి వరస మార్చి అంటించారు. ఇంకోటి, బొమ్మలో వంకర పట్టుకోవడానికి గీసేవాళ్లే దాన్ని అద్దంలో చూసుకుంటారు. ఆ అద్దంలో బొమ్మనే మన చేతిలో పెడితే ఎలా?

‘స్లామ్ డంక్’ అనే బాస్కెట్‌బాల్ మాంగాలో చివరి మ్యాచే చూడండి (కథ ముందే తెలియకూడదంటే ఈ పేరా దాటేయండి). ఆఖరి క్షణాల్లో పేజీల కొద్దీ మాటలు దాదాపు ఉండవు. కళ్లు, చెమట, గాల్లో బంతి, అంతే. మధ్యలో హీరో సకురాగి గొణుక్కునే ఒక్క మాట: ఎడంచేయి ఊరికే ఆనించడానికే. షాట్ నేర్చుకునేటప్పటి పాఠం అది. ఈ పేజీని తిప్పారనుకోండి, బంతిని ఎడంచేత్తోనే వేస్తుంటాడు, ఆనించేది కుడిచేయి! జెర్సీ మీది 10 కూడా తిరగబడుతుంది. ఆ తర్వాత, ఎప్పుడూ ఒకరంటే ఒకరికి పడని ఇద్దరు చేతులు చరుచుకునే బొమ్మ రెండు పేజీల నిండా ఉంటుంది. చదువుతూ తర్వాతి పేజీకి వెళ్తే గానీ కనపడదు. ఆ పేజీ మారే అర సెకనూ కథలో భాగమే.

ఫోన్‌లో ఇలాంటి జంట పేజీ నిలువునా చీలి, ముందు ఒక చేయి, తర్వాత ఇంకో చేయి కనపడుతుంది. ఒక్కో ప్యానెల్‌నే చూపించే పద్ధతి ఇంకా ఘోరం, చిన్న ప్యానెల్ పెద్ద ప్యానెల్ తేడా లేకుండా అన్నీ స్క్రీన్ సైజుకే వచ్చేస్తాయి. చిన్నవి గబగబా దాటి పెద్దదాని దగ్గర కన్ను ఆగడం ఇక ఉండదు. స్క్రోల్ కోసమే గీసే కొరియా వెబ్‌టూన్ల సంగతి వేరు. అక్కడ రెండు బొమ్మల మధ్య ఖాళీ ఎంత పొడుగుంటే అంతసేపు నిశ్శబ్దం, ఆ పని ఫోన్‌లోనే కుదురుతుంది. మాంగాకి ఫోన్ వల్ల మేలు రెండే: చోటు అక్కర్లేదు, కొత్త చాప్టర్ వెంటనే దొరుకుతుంది. పుస్తకం వచ్చేదాకా ఆగలేనివాళ్లు ఫోన్‌ని అడ్డంగా పట్టుకోండి, అక్షరాలు చిన్నవైనా పేజీ బతుకుతుంది. టాబ్లెట్ ఉంటే మరీ మంచిది.

నేను మాత్రం మొదటి రకానికే ఓటేస్తాను. కుడి నుంచి చదవడం ఒక పుస్తకం పూర్తయ్యేలోపే అలవాటైపోతుంది. నా ‘స్లామ్ డంక్’ 31వ సంపుటం వెన్ను విరిగిపోయింది, ఎక్కడ తెరిచినా ఆ చేతులు చరుచుకునే పేజీ దగ్గరే తెరుచుకుంటోంది.