అతుకుల బొంత బ్లాకుల మార్పిడి: కొలతకు మంచి మార్కులు, గుడ్డకు కాదు

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు ఊళ్లలో కుట్టుపనిని సరదాగా చేసుకొనే పన్నెండు మంది మహిళలు కలిసి నడుపుకొన్న అతుకుల బొంత బ్లాకుల మార్పిడిలో నేనూ పాలుపంచుకున్నాను. బ్లాకు అంటే గుడ్డ ముక్కలు అతికి కుట్టిన చదరం, అలాంటివి కొన్ని కలిపితే బొంత అవుతుంది. తరువాతి విడతలో చేరాలా వద్దా అని అడుగుతున్నవారు కొందరున్నారు కాబట్టి, మేము ఏమి కుట్టి ఇచ్చాము, తిరిగి ఏమి వచ్చింది, అందులో ఏది పనికివచ్చింది, దేనిని పక్కన పెట్టవలసి వచ్చింది అన్నది కాస్త వివరంగానే రాస్తున్నాను. కుట్టు కొలత విషయంలో ఈ మార్పిడి చాలా బాగా నడిచింది. గుడ్డ విషయంలో మాత్రం నిబంధనలు చాలలేదు. నాకు ఎదురైన ఇబ్బందులు దాదాపు అన్నీ అక్కడి నుంచే పుట్టాయి.

పద్ధతి ఇది. చేరినవారు ప్రతి ఒక్కరూ ఒకే నమూనాలో, ఒకే కొలతలో పన్నెండు బ్లాకులు కుట్టి నిర్వాహకురాలికి పంపాలి. ఆమె అన్నింటినీ కలిపి, ఒక్కొక్కరి చేతిపని నుంచి ఒక్కొక్కటి చొప్పున తీసి, పన్నెండు బ్లాకుల కట్టను తిరిగి అందరికీ పంపుతారు. ఆ పన్నెండింటిలో మనం కుట్టినది కూడా ఒకటి ఉంటుంది. రుసుము ఏమీ లేదు, పార్శిలు ఖర్చు ఎవరిది వారిదే. నెల్లూరు వారికి మార్చుకోవడం అనగానే బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకొనే పండుగ గుర్తుకు రాక మానదు గానీ, అక్కడ చదువు రొట్టె, పెళ్లి రొట్టె అని అడిగి మరీ తీసుకుంటారు. ఇక్కడ ఎవరి బ్లాకు కావాలో కోరుకొనే వీలు లేదు, వచ్చినదే పుచ్చుకోవాలి. ఈ ఒక్క విషయం మనసుకు పట్టనివారు ఇందులో చేరకపోవడమే మంచిది.

ఈ విడతకు ఎంచుకున్న నమూనా ఫ్రెండ్‌షిప్ స్టార్. అడ్డంగా మూడు, నిలువుగా మూడు గళ్లు. నడుమ రంగు చదరం, నాలుగు మూలల్లో తెల్ల చదరాలు, మిగిలిన నాలుగు గళ్లలో తెలుపు, రంగు త్రిభుజాలు జతకలిసిన చదరాలు. కుట్టిన బ్లాకు అంచు నుంచి అంచుకు పన్నెండున్నర అంగుళాలు ఉండాలి. బొంతలో కలిపి కుట్టిన తరువాత అది పన్నెండు అంగుళాలుగా నిలుస్తుంది. కొత్తగా నేర్చుకొనేవారికి ఇంతకంటే తగిన నమూనా దొరకదని నా అభిప్రాయం, ఎందుకంటే కత్తిరింపులో తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో నక్షత్రం మొనలే చెప్పేస్తాయి. నిర్వాహకురాలు పంపిన కాగితంలో లెక్క కూడా స్పష్టంగా ఉంది. 44 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న గుడ్డ అయితే పన్నెండు బ్లాకులకు తెలుపు మీటరుంపావు, రంగు గుడ్డ ముప్పావు మీటరు చాలునని, చదరాలు నాలుగున్నర అంగుళాలకు, త్రిభుజాల కోసం తీసే ముక్కలు ఐదు అంగుళాలకు కత్తిరించి కుట్టిన తరువాత నాలుగున్నరకు సవరించుకోవాలని రాశారు. నేను లెక్క వేసి చూసుకున్నాను, ఆ గుడ్డ సరిపోవడమే కాక కొంచెం మిగిలింది కూడా.

అసలు చిక్కు పావంగుళం దగ్గర ఉంది. రవికలు, లంగాలు కుట్టి అలవాటైన చేయి లోపలికి అర అంగుళమో ముప్పావో గుడ్డ వదులుతుంది, తరువాత లావైనా విప్పి వదులు చేసుకోవచ్చునన్న ముందుచూపుతో. బ్లాకులో ఆ ఉదారత పనికిరాదు. ప్రతి కుట్టూ సరిగ్గా పావంగుళమే లోపలికి ఉండాలి. నిజానికి దారం వాసి తక్కువగా ఉంటేనే మేలు, ఎందుకంటే ఇస్త్రీ చేసినప్పుడు మడత కొంత గుడ్డను మింగేస్తుంది. ఒక్కో కుట్టు దగ్గర వీసం అంగుళం (పదహారో వంతు) ఎక్కువ పోయిందంటే, రెండు వైపుల గుడ్డా కలిపి అర్ధపావు (ఎనిమిదో వంతు) తగ్గుతుంది. అడ్డంగా రెండు కుట్లు ఉన్నాయి కాబట్టి బ్లాకు మొత్తం మీద పావంగుళం పొట్టిదవుతుంది. కాలితో తొక్కే పాత మిషన్లలో సూదికీ, గుడ్డను నొక్కి పట్టే ఫుట్ అంచుకూ మధ్య దూరం సరిగ్గా పావంగుళం ఉంటుందన్న భరోసా లేదు. అందుకే అసలు పనికి ముందు ఒకటిన్నర అంగుళాల వెడల్పు గల మూడు పట్టీలను పక్కపక్కన కలిపి కుట్టి, ఇస్త్రీ చేసి, నడిమి పట్టీ సరిగ్గా అంగుళం వచ్చిందో లేదో కొలిచి, రాకపోతే సూది కింది పలక మీద టేపు ముక్క అంటించి హద్దు గుర్తు పెట్టుకోవాలని నిబంధన పెట్టారు. ఆ పట్టీల ఫోటో పంపితే తప్ప పేరు నమోదు చేసుకోలేదు. ఫోన్లో మాట్లాడుకున్నప్పుడు కావలి ఆమె ఒకరు, "ఏందక్కా, పావంగుళానికి ఇంత రభసా?" అని నవ్వారు. నాకు వచ్చిన కట్టలో అన్నింటికంటే పద్ధతిగా ఉన్న బ్లాకు ఆమెదే.

నిర్వాహకురాలి పరీక్ష గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆమె గట్టి అట్ట మీద పన్నెండున్నర అంగుళాల చదరం గీసి, కోసి పెట్టుకొని, వచ్చిన ప్రతి బ్లాకునూ దాని మీద పరచి చూశారు. పన్నెండుంపావు కంటే తగ్గినవాటిని, ఎక్కడ తగ్గిందో చిన్న చీటీ మీద రాసి గుండుసూదితో గుచ్చి వెనక్కు పంపారు. మొహమాటానికి పోయి ఊరుకోలేదు, అలాగని ఎవరినీ చిన్నబుచ్చలేదు. స్నేహపూర్వకంగా నడిచే పనిలో ఇది అరుదు. మనలో మనం కదా అని వదిలేస్తే ఆ నష్టాన్ని మిగిలిన పదకొండు మందీ మోయాలి. ఈ నమూనాలో పెద్ద బ్లాకులను చుట్టూ కత్తిరించి చిన్నవాటికి సరిపెట్టే అవకాశం కూడా లేదు, నక్షత్రం మొనలు సరిగ్గా అంచు కుట్టు దాకా వచ్చి ఆగుతాయి కాబట్టి కత్తిరిస్తే మొనలే తెగిపోతాయి.

ఇక వచ్చిన కట్ట. కావలి బ్లాకును తిరగేసి చూస్తే కుట్టినవారి చేయి ఎలాంటిదో తెలుస్తుంది. అతుకుల అంచులన్నీ రంగు గుడ్డ వైపే మళ్లించి ఇస్త్రీ చేశారు, అందువల్ల తెలుపులోంచి ఎర్రటి గీత పైకి కనిపించదు. పక్కపక్క వరుసల అంచులను ఎదురెదురు దిక్కులకు మళ్లించడం వల్ల నాలుగు మూలలు కలిసే చోట వేలితో తడిమినా గుబ్బ తగలదు. మరికొందరు రవికల కుట్టు అలవాటులో అంచులను రెండు వైపులకూ విడదీసి ఇస్త్రీ చేశారు. అది తప్పు కాదు గానీ, రెండు రకాలూ ఒకే బొంతలో పక్కపక్కన వచ్చినప్పుడు కలిపే చోట కొంత తంటా తప్పదు. ప్రతి బ్లాకు వెనుక అంచు గుడ్డ మీద కుట్టినవారి పేరు, ఊరు పెన్సిలుతో రాయాలన్న నియమాన్ని అందరూ పాటించారు. అమెరికాలో 1840లలో స్నేహితులూ బంధువులూ తలా ఒక బ్లాకు కుట్టి దాని మీద సంతకం చేసి ఇచ్చే బొంతలు బాగా ప్రచారంలోకి వచ్చాయి, అవి సంతకాన్ని ముందువైపే చూపిస్తాయి. మా నియమం ప్రకారం రాసిన పేరు బొంత పూర్తయ్యాక అంచు కుట్టు లోపలికి పోయి శాశ్వతంగా కనబడకుండా పోతుంది. నాలుగు ఊళ్ల, పన్నెండు చేతుల పనిని ఒకచోట చేర్చిన తరువాత ఎవరిది ఏదో తెలియకుండా చేసుకోవడంలో అర్థం లేదు. తరువాతి విడతలో నడిమి చదరం మీద దారంతో పొడి అక్షరాలైనా కుట్టనివ్వాలి.

అసలు ఫిర్యాదు గుడ్డ మీద. నియమావళిలో గుడ్డ గురించి ఉన్నది ఒకే ఒక్క మాట: కాటన్ అయి ఉండాలి. కాటన్ అన్న మాట కింద ఎన్ని రకాలు చేరగలవో ఆ కట్ట విప్పితే గానీ తెలియలేదు. ఒక బ్లాకులో నక్షత్రమంతా పాత వెంకటగిరి చీరతో చేశారు. 2022 జిల్లాల విభజనలో వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ ఆ చీర మీద మా నెల్లూరు వారి మమకారం ఎక్కడికీ పోలేదు, కుట్టిన ఆమె ఉద్దేశం ఎంత గొప్పదో నాకు అర్థమవుతూనే ఉంది. అయినా ఆ సన్న నూలు నేత పక్కనున్న పాప్లిన్ ముందు నిలబడదు. త్రిభుజాల ఏటవాలు అంచు, టైలర్లు క్రాస్ అనేది, పడుగుకూ పేకకూ ఐమూలగా పోతుంది కాబట్టి ఏ గుడ్డకైనా అక్కడ సాగే గుణం ఉంటుంది. పలుచని గుడ్డకు మరీ ఎక్కువ. ఇస్త్రీ పెట్టె ఆనించగానే నక్షత్రం ఒక మొన వంకర తిరిగింది. చిక్కని గంజి పెట్టి, బిర్రుగా ఆరబెట్టి కత్తిరించి ఉంటే ఆ గుడ్డ కూడా మాట వినేది.

ఇంకొక బ్లాకులోని రంగు గుడ్డ అసలు కాటనే కాదు. చేతికి మెత్తగా తగిలినా, కాటన్ వేడి మీద ఇస్త్రీ చేయగానే నిగనిగలాడుతూ ముడుచుకుంది. అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగిస్తే కాగితం కాలిన వాసన, మెత్తని బూడిద రావలసింది పోయి, కరిగి నల్లని పూసలా గట్టిపడింది. దుకాణంలో కాటన్ అని చెప్పి అమ్మిన గుడ్డ కావచ్చు, కుట్టిన ఆమెను అనడానికి లేదు. కానీ కత్తిరించే ముందు ఒక పోగు కాల్చి చూడండి అన్న వాక్యం నియమావళిలో ఉండి ఉంటే ఆమె శ్రమ వృథా కాకపోయేది.

తెలుపు సంగతి మరొకటి. లాంగ్‌క్లాత్ తెలుపు, పాల తెలుపు, నీలిమందు పెట్టిన తెలుపు, గోధుమ ఛాయ తెలుపు అన్నీ వచ్చాయి. విడివిడిగా చూస్తే ఏదీ చెడ్డది కాదు, మంచం మీద పక్కపక్కన పరిస్తే మాత్రం కొన్ని మాసినట్టు, కొన్ని కొత్తగా ఉతికినట్టు కనిపించాయి. ఒకే తాను నుంచి తెల్ల గుడ్డ కొని అందరికీ పంచి, డబ్బు వసూలు చేసుకొని ఉంటే పోయేది. నెల్లూరు చిన్నబజారులో ఒక పూట పని అది.

అన్నింటికంటే పెద్ద నష్టం ఉతకని గుడ్డ వల్ల జరిగింది. బ్లాకులు పంపవలసిన గడువు కార్తీకంలో పడింది. మా వైపు వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం ఎప్పుడు పడుతుందో తెలియదు, దండెం మీద వేసిన గుడ్డ రెండు రోజులకైనా ఆరదు. సహజంగానే కొందరు గుడ్డను ఉతకకుండానే కత్తిరించారు. ఒకరు పార్శిలును వార్తాపత్రికలో చుట్టి, పైన పాలిథీన్ కవరు లేకుండా పంపారు. చెమ్మ తగిలి, ఎర్ర అద్దకం గుడ్డ రంగు దిగి, దాని కిందనున్న బ్లాకు తెలుపు మీద గులాబీ మరకగా మిగిలింది, పత్రిక సిరా మరో మూలకు అంటింది. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని మనవారు అంటారు గానీ ఇప్పటి రసాయన రంగుల విషయంలో దానిని నమ్ముకోలేము. నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించి, తడి గుడ్డను తెల్ల గుడ్డ మీద పెట్టి ఇస్త్రీ చేసి చూడడమే మార్గం. రంగు ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. ఉతకని కాటన్ మొదటి ఉతుకులో నూటికి నాలుగు వంతులు ముడుచుకున్నా, పన్నెండంగుళాల బ్లాకు దాదాపు అర అంగుళం తగ్గుతుంది. ఉతికిన గుడ్డ బ్లాకు, ఉతకనిది పక్కపక్కన ఉంటే బొంత మొదటిసారి నీళ్లలో పడగానే ఒకటి నిలిచి మరొకటి ముడతలు పడుతుంది. మూడు పట్టీల పరీక్ష పెట్టి, అట్ట మీద కొలిచి, వీసం అంగుళం కోసం చీటీలు రాసి సాధించిన సమత అంతా ఆ ఒక్క ఉతుకులో పోతుంది. కొలతకు అంత పట్టింపు చూపినవారు గుడ్డను ఇంత తేలికగా ఎలా వదిలేశారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మన ఇళ్లలో పాత చీరలు పొరలు పొరలుగా పరచి, పొడుగు కుట్లతో అమ్మమ్మలు కుట్టిన బొంతలకు ఈ బాధ లేదు. అక్కడ చీర మీద చీర నిలువునా పడుతుంది, గుడ్డలన్నీ ఎన్నో ఏళ్లు ఉతికి ఉతికి ముడుచుకోవలసినంత ముడుచుకొనే ఉంటాయి, రంగు దిగేదంతా ఎప్పుడో దిగిపోయి ఉంటుంది. పాత వెంకటగిరి చీరకు తగిన చోటు ఆ పొరల మధ్యనే గానీ త్రిభుజాల్లో కాదు.

వచ్చిన వాటిలో మూడింటిని పక్కన పెట్టి, వాటి స్థానంలో నా దగ్గర మిగిలిన గుడ్డతో కుట్టుకున్నాను. పన్నెండు బ్లాకులను అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు చొప్పున పేర్చి, నడుమనూ చుట్టూనూ రెండంగుళాల పట్టీలు వేస్తే 44 అంగుళాల వెడల్పు, 58 అంగుళాల పొడవు వస్తుంది. ఆరడుగుల మంచానికి పొడవు చాలదు కాబట్టి తలవైపు, కాళ్లవైపు ఏడేసి అంగుళాల అంచు కలపాలి. ఈ పట్టీల వల్ల ఇంకొక లాభం ఉంది: బ్లాకుల మధ్య ఉన్న చిన్న చిన్న హెచ్చుతగ్గులను అవి సర్దేస్తాయి. నడిమి పొరగా దూది పరచవద్దని నా సలహా. మా ఎండలకు అది దండగ, పాత నూలు చీర ఒకటి చాలు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. నిర్వహణకు, కొలత పరీక్షకు నిండు మార్కులు. తగ్గించినది గుడ్డ నియమానికి, గడువు కాలానికి. మిషను మీద చేయి కొంత తిరిగినవారికి, తమ కుట్టు ఎంత సమంగా ఉందో పరాయి కంటితో చూపించుకోవాలనుకొనేవారికి ఇది బాగా పనికివస్తుంది. ఒకే రంగుల పొందికతో బొంత కావాలనుకొనేవారు మాత్రం పన్నెండూ తామే కుట్టుకోవడం నయం. సంక్రాంతి తరువాత ఎండ కాసే రోజుల్లో గడువు పెట్టి, తెలుపు ఒకే తాను నుంచి పంచి, రంగు గుడ్డను ఉతికి తెల్ల గుడ్డ మీద పరీక్షించిన ఫోటోను మూడు పట్టీల ఫోటోతో పాటే అడిగితే, వచ్చే విడతకు నా పేరు ముందే రాసుకోవచ్చునని నిర్వాహకురాలికి చెప్పాను. తెలుపు పంచడానికి ఆమె ఒప్పుకున్నారు, గడువు సంగతి ఇంకా తేలలేదు.